మెయిల్ అందింది సరే, జవాబు వెళ్లిందా? అవుట్‌లుక్‌లో ఆటో రిప్లై, ట్రాకింగ్ ఏర్పాటు చేసుకునే పద్ధతి

"అన్నా, ఆ భీమవరం పార్టీ బుకింగ్ మెయిల్‌కి ఎవరు జవాబిచ్చారు?"

"నువ్వు ఇచ్చావనుకున్నా."

"నేను నువ్వు ఇచ్చావనుకున్నా."

విశాఖలో పోర్టు పని చూసే ఆఫీసుల్లో ఈ మాటలు వినని వాళ్లు తక్కువ. మా ఆఫీసులో వీటి ఖరీదు ఒక రీఫర్ కంటైనర్, అంటే చల్లగా ఉంచే కంటైనర్. రొయ్యల లోడు కట్-ఆఫ్ (ఓడకి సరుకు అందించాల్సిన ఆఖరి గడువు) దాటిపోయి తర్వాతి ఓడకి వెళ్లింది. మెయిల్ రాకపోవడం కాదు, వచ్చింది. ఇద్దరం తెరిచి చదివాం కూడా. "మీ మెయిల్ అందింది, త్వరలో సంప్రదిస్తాం" అని ఆటో రిప్లై వెళ్లింది. అది చూసుకుని పార్టీ, అంటే సరుకు పంపే కస్టమర్, నిశ్చింతగా ఉన్నారు, ఫోన్ చేయలేదు. అసలు జవాబు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

అప్పటి నుంచి నేను ఒక వరస పాటిస్తున్నాను. ముందు ట్రాకింగ్, తర్వాతే ఆటోమేషన్. జవాబు బాకీ ఉన్న మెయిల్స్ అన్నీ ఒకచోట కనిపించే ఏర్పాటు లేకుండా ఆటో రిప్లై పెడితే, అది మన మరుపుని దాచిపెడుతుంది. అవతలివాళ్లు గుర్తుచేయడం మానేస్తారు, మనం మర్చిపోతాం. ఈ మార్గదర్శి కూడా అదే వరసలో ఉంటుంది. ఓపికగా చేస్తే రెండు మధ్యాహ్నాల పని.

ఇక్కడ చెప్పేది విండోస్ కంప్యూటర్లో క్లాసిక్ అవుట్‌లుక్, మైక్రోసాఫ్ట్ 365 కంపెనీ అకౌంట్ ఉన్నవాళ్ల కోసం. కొత్త అవుట్‌లుక్‌లో దారి మారేచోట చెబుతాను. మీది పాప్ లేదా ఐమాప్ (వేరే కంపెనీ మెయిల్‌ని అవుట్‌లుక్‌కి కలిపే పద్ధతులు) అకౌంట్ అయితే ఫైల్ మెనూలో ఆటోమేటిక్ రిప్లైస్ బటన్ సాధారణంగా కనిపించదు. ముందు అది చూసుకుని మొదలుపెట్టండి.

మొదట ఒక వారం లెక్క

ఏ బటనూ నొక్కకముందు గత వారం మెయిల్స్ ఒకసారి తిరగేయండి. సెర్చ్ బాక్స్‌లో క్లిక్ చేస్తే పైన సెర్చ్ ట్యాబ్ వస్తుంది, అందులో దిస్ వీక్ అనే బటన్ ఉంటుంది. కాగితం మీద గీతలు గీసుకుంటూ రకాలుగా విడగొట్టండి. మా దగ్గర ఐదు రకాలు తేలాయి: రేటు అడిగేవి, బుకింగ్‌లు, డెలివరీ ఆర్డర్ (డీవో, సరుకు అప్పగించమనే పత్రం) కోసం వచ్చేవి, బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్, ఓడ సరుకు పత్రం) డ్రాఫ్ట్‌లో దిద్దుబాట్లు, "కంటైనర్ ఎక్కడిదాకా వచ్చింది" అనేవి.

ప్రతి రకం పక్కన రెండు విషయాలు రాయండి. ఎంతసేపటిలో జవాబు ఇవ్వకపోతే నష్టం? జవాబులో ప్రతిసారీ మారేది ఎంత? కంటైనర్ ఎక్కడుంది అనే ప్రశ్నకి మారేది రెండు మూడు మాటలే, దానికి టెంప్లేట్ చాలు. బీఎల్ దిద్దుబాటుకి టెంప్లేట్ పెట్టకూడదు, మనిషి చదవాల్సిందే. ఈ కాగితం దగ్గర ఉంచుకోండి, టెంప్లేట్లు రాసేటప్పుడు మళ్లీ తీయాలి.

అందరి మెయిల్స్ ఒక గుమ్మంలోకి

నలుగురు ఒకే పాస్‌వర్డ్‌తో ఒకే అకౌంట్ తెరిచే అలవాటు ఇంకా చాలా ఆఫీసుల్లో ఉంది. దాన్ని ఆపేయండి. ఎవరు ఏం చేశారో తెలియదు, ఒకరు ఉద్యోగం మానేస్తే అందరి పాస్‌వర్డూ మార్చాలి. మైక్రోసాఫ్ట్ 365లో షేర్డ్ మెయిల్‌బాక్స్ పెట్టించుకోండి. 50 జీబీ వరకు దానికి విడిగా లైసెన్స్ అక్కర్లేదు. ఎవరి లాగిన్‌తో వాళ్లు వచ్చి ఆ డబ్బాలో పని చేస్తారు.

అడ్మిన్‌తో ఇంకో చిన్న పని తప్పక చేయించండి. మామూలుగా షేర్డ్ అడ్రస్ పేరుతో మీరు పంపిన జవాబు మీ సొంత సెంట్ ఐటమ్స్‌లోకే వెళ్తుంది. పక్క సీటువాళ్లకి అది కనబడదు, మళ్లీ వాళ్లూ జవాబిస్తారు. పంపిన మెయిల్ కాపీ షేర్డ్ మెయిల్‌బాక్స్ సెంట్ ఐటమ్స్‌లో కూడా ఉండేలా అడ్మిన్ సెంటర్లో ఒక సెట్టింగ్ ఉంది. అది ఆన్ అవ్వకుండా ముందుకు వెళ్లకండి, కింద చెప్పబోయే ట్రాకింగ్ అంతా దాని మీదే ఆధారపడుతుంది.

"జవాబు బాకీ" అనే గుర్తు

చాలామంది చదవని మెయిల్స్ బోల్డుగా ఉండటాన్నే ట్రాకింగ్ అనుకుంటారు. చదవడం వేరు, జవాబివ్వడం వేరు. ఫోన్ మాట్లాడుతూ ఒకరు మెయిల్ తెరిస్తే చాలు, బోల్డు పోతుంది. మా కంటైనర్ పోయింది అక్కడే. అందుకే వచ్చిన ప్రతి మెయిల్‌కీ ఒక రంగు గుర్తు దానంతట అదే పడాలి. జవాబు వెళ్లాక మనిషి చేత్తో తీస్తేనే ఆ గుర్తు పోవాలి.

షేర్డ్ మెయిల్‌బాక్స్‌కి ఇది బ్రౌజర్లోని అవుట్‌లుక్ నుంచి చేయడం తేలిక:

1. మీ అకౌంట్‌తో లాగిన్ అయ్యి, పైన కుడివైపు మీ ఫొటో నొక్కి, ఓపెన్ అనదర్ మెయిల్‌బాక్స్ ఎంచుకుని షేర్డ్ అడ్రస్ ఇవ్వండి.
2. అక్కడ ఏదైనా మెయిల్ మీద కేటగరైజ్ నొక్కి, "జవాబు బాకీ" పేరుతో ఎర్ర రంగు కేటగిరీ చేయండి. పేరు తెలుగులోనే పెట్టుకోవచ్చు.
3. సెట్టింగ్స్‌లో మెయిల్, అందులో రూల్స్, ఆపైన యాడ్ న్యూ రూల్.
4. షరతుగా అప్లై టు ఆల్ మెసేజెస్, చేయాల్సిన పనిగా కేటగరైజ్, కేటగిరీగా "జవాబు బాకీ".
5. మినహాయింపుల్లో, పంపినవారి అడ్రస్‌లో నో-రిప్లై అనే ఇంగ్లిష్ మాట ఉన్నవి పెట్టండి. బ్యాంకు అలర్టులు, ఓటీపీలు బాకీల్లో చేరవు.

మీ సొంత ఇన్‌బాక్స్‌కి అయితే క్లాసిక్ అవుట్‌లుక్‌లోనే హోమ్ ట్యాబ్, రూల్స్, మేనేజ్ రూల్స్ అండ్ అలర్ట్స్ దారిలో ఇదే పని చేయవచ్చు.

ఈ రూల్‌తో మెయిల్‌ని వేరే ఫోల్డర్‌లోకి మాత్రం పంపకండి. "రేట్లు" అనీ "డీవోలు" అనీ ఫోల్డర్లు చేసి రూల్‌తో అందులోకి తోసేయడం చూడటానికి పద్ధతిగా ఉంటుంది. కానీ ఆ ఫోల్డర్ తెరవాల్సిన మనిషి సెలవు పెట్టిన రోజు అందులోవి ఎవరికీ కనబడవు. బాకీ తీరేదాకా మెయిల్ ఇన్‌బాక్స్‌లోనే ఉండాలి.

బాకీలన్నీ కనబడే చోటు

సొంత మెయిల్‌బాక్స్‌కి సెర్చ్ ఫోల్డర్ బాగుంటుంది. కంట్రోల్, షిఫ్ట్, పి కలిపి నొక్కి, కేటగరైజ్డ్ మెయిల్ ఎంచుకుని, "జవాబు బాకీ" ఇవ్వండి. షేర్డ్ మెయిల్‌బాక్స్‌కి దీనికన్నా వ్యూ మార్చుకోవడమే మేలు. షేర్డ్ ఇన్‌బాక్స్‌లో ఉండి, వ్యూ ట్యాబ్‌లో అరేంజ్ బై దగ్గర కేటగిరీస్ నొక్కండి. ఎర్ర గుర్తు ఉన్నవన్నీ ఒక గుంపుగా వస్తాయి.

ఒక్క మార్పు మాత్రం మర్చిపోవద్దు. పాత మెయిల్ పైన, కొత్తది కింద ఉండేలా వరస తిప్పండి. రేషన్ షాపు దగ్గర ముందు వచ్చినవాళ్లకే ముందు ఇస్తారు కదా, మనం మాత్రం మెయిల్ దగ్గరికి వచ్చేసరికి చివర వచ్చినవాళ్లకి ముందు జవాబిస్తాం, అది పైన కనబడుతుంది కాబట్టి. వరస తిప్పిన మొదటి రోజే మాకు మూడు పాత బాకీలు బయటపడ్డాయి.

ఎవరి వంతు?

ప్రతి మనిషి పేరుతో ఒక కేటగిరీ చేయండి, ఒక్కొక్కరికి ఒక రంగు. మెయిల్ తెరిచి "ఇది నేను చూస్తాను" అనుకున్నవాళ్లు వెంటనే తమ పేరు వేయాలి. ఎర్ర గుర్తు ఒక్కటే ఉంటే ఎవరూ పట్టుకోలేదని, ఎరుపు పక్కన పేరు ఉంటే ఎవరో పని చేస్తున్నారని అర్థం. మెయిల్‌బాక్స్‌లో ఉన్న అందరికీ ఈ గుర్తులు కనిపిస్తాయి, గదికి ఈ చివర నుంచి ఆ చివరకి కేకేసి అడగక్కర్లేదు.

బాకీ తీర్చడానికి క్విక్ స్టెప్ (ఒక్క నొక్కుతో కొన్ని పనులు వరసగా చేసే బటన్) పెట్టుకోవాలి. హోమ్ ట్యాబ్‌లో క్విక్ స్టెప్స్ డబ్బాలో క్రియేట్ న్యూ నొక్కి, పేరు "తీరింది" అని ఇవ్వండి. అందులో వరసగా క్లియర్ కేటగిరీస్, మార్క్ యాజ్ రెడ్ (చదివినట్టు గుర్తు), మూవ్ టు ఫోల్డర్ పెట్టి, "తీరినవి" అనే ఫోల్డర్ చూపించండి. షార్ట్‌కట్‌గా కంట్రోల్, షిఫ్ట్, 1 ఇవ్వండి. క్విక్ స్టెప్ ఎవరి అవుట్‌లుక్‌లో వాళ్లే చేసుకోవాలి.

రిప్లై తెరవడం, గుర్తు తీయడం రెండూ ఒకే క్విక్ స్టెప్‌లో కలపాలనిపిస్తుంది. నేనూ మొదట కలిపాను. రిప్లై విండో తెరిచాక ఫోన్ వస్తుంది, డ్రాఫ్ట్ అలాగే ఉండిపోతుంది, గుర్తు మాత్రం అప్పటికే పోయి ఉంటుంది. విడిగా ఉంచండి. జవాబు పంపాక పాత మెయిల్ పైన మీరు ఫలానా తేదీన జవాబిచ్చారనే లైన్ కనబడుతుంది. అది చూసి షార్ట్‌కట్ నొక్కండి.

మనం పంపినదానికి అవతలి నుంచి రావాల్సిన జవాబు

ఇది సగం మంది వదిలేసే భాగం. వియత్నాం ఏజెంట్‌ని రేటు అడిగాం. వాళ్లు ఇవ్వలేదు. మనమూ మర్చిపోయాం. ఇక్కడి పార్టీకి మాత్రం మనమే ఇవ్వనట్టు ఉంటుంది.

మెయిల్ పంపకముందే, రాసే విండోలో మెసేజ్ ట్యాబ్‌లో ఫాలో అప్ నొక్కి, కస్టమ్ ఎంచుకుని, రిమైండర్ తేదీ, సమయం పెట్టండి. పంపిన కాపీ మీద జెండా పడుతుంది, ఆ సమయానికి రిమైండర్ వస్తుంది. అదే డబ్బాలో ఫ్లాగ్ ఫర్ రెసిపియెంట్స్ అని ఇంకోటి ఉంటుంది, అది అవతలివాళ్లకి జెండా పంపేది. దాన్ని ముట్టుకోవద్దు.

రిమైండర్ వచ్చినప్పుడు జవాబు ఇప్పటికే వచ్చిందేమో చూడటానికి, మెయిల్ మీద కుడి క్లిక్ చేసి ఫైండ్ రిలేటెడ్, అందులో మెసేజెస్ ఇన్ దిస్ కాన్వర్సేషన్ నొక్కండి. సమయం పెట్టేటప్పుడు అవతలి దేశం గడియారం చూసుకోండి. హో చి మిన్ సిటీ మనకన్నా గంటన్నర ముందుంటుంది, మన మధ్యాహ్నం 3:30కి వాళ్లకి సాయంత్రం 5 అయిపోతుంది. అక్కడికి రిమైండర్ ఉదయం పెట్టాలి. న్యూయార్క్ అయితే మన సాయంత్రమే వాళ్ల పొద్దు.

రీడ్ రిసీట్ పెడితే చాలదా అని అడుగుతారు. చాలదు. రిసీట్ పంపాలా వద్దా అని అవుట్‌లుక్ అవతలివాళ్లని అడుగుతుంది, వద్దంటే రాదు. మామూలు జీమెయిల్ వాడేవాళ్ల నుంచి రానే రాదు. డెలివరీ రిసీట్ అయితే మెయిల్ వాళ్ల సర్వర్ దాకా చేరిందని చెబుతుంది, అంతవరకే. ఆఫీసు లోపల అందరి దగ్గరా ఒక మాట తీసుకోవాలంటే మాత్రం ఓటింగ్ బటన్లు మంచివి. కొత్త మెయిల్లో ఆప్షన్స్, యూజ్ ఓటింగ్ బటన్స్. ఎవరు ఏమన్నారో సెంట్ ఐటమ్స్‌లో ఆ మెయిల్ తెరిచి ట్రాకింగ్ నొక్కితే కనిపిస్తుంది. బయటి పార్టీలకి వాడకండి, వాళ్లకి బటన్లు కనబడకపోవచ్చు.

టెంప్లేట్లు

కాగితం తీయండి. మారేది రెండు మూడు మాటలే అని రాసుకున్న రకాలకి మాత్రమే టెంప్లేట్ రాయండి. క్లాసిక్ అవుట్‌లుక్‌లో రాసిన భాగాన్ని సెలెక్ట్ చేసి, ఇన్సర్ట్ ట్యాబ్, క్విక్ పార్ట్స్, సేవ్ సెలెక్షన్ టు క్విక్ పార్ట్ గ్యాలరీ నొక్కి చిన్న పేరు ఇవ్వండి. తర్వాత ఏ జవాబులోనైనా ఆ పేరు టైపు చేసి ఎఫ్3 నొక్కితే మొత్తం వచ్చేస్తుంది. కొత్త అవుట్‌లుక్‌లో దీనికి బదులు మై టెంప్లేట్స్ వాడండి.

మారే మాటల చోట పాత ఓడ పేరో, పాత తేదీయో ఉంచొద్దు. మూడు హ్యాష్ గుర్తులు పెట్టండి. ఖాళీ నింపడం మర్చిపోయి పంపితే పార్టీ "ఏదో తప్పింది" అని అడుగుతారు. పాత ఓడ పేరుతో పంపితే నిజమని నమ్మి లారీ పంపిస్తారు.

ఇప్పుడు ఆటో రిప్లై

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. మా ఆటో రిప్లై అప్పట్లో నా సీటు దగ్గరి కంప్యూటర్ ఆన్‌లో ఉంటేనే నడిచే రూల్. ఇక్కడ చెట్లు పడి దారులు మూసుకుపోయి, ఫోన్లు కలవక మేం అవస్థ పడుతుంటే, బయటి దేశాల పార్టీలకి మా దగ్గర నుంచి ఒక్క లైన్ కూడా వెళ్లలేదు. ఆటో రిప్లై అసలు అవసరమైన వారంలోనే అది నిద్రపోయింది.

కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది, ఏది సర్వర్ మీద నడుస్తుంది, ఏది మన కంప్యూటర్ మీద నడుస్తుంది అని. రూల్స్ జాబితాలో రూల్ పేరు చివర క్లయింట్-ఓన్లీ అని ఉంటే, అవుట్‌లుక్ తెరిచి ఉంటేనే అది పనిచేస్తుంది. రిప్లై యూజింగ్ ఎ స్పెసిఫిక్ టెంప్లేట్ అనే రూల్ అలాంటిదే. పైగా అవుట్‌లుక్ ఒకసారి తెరిచి మూసేలోపు ఒక్కొక్కరికి ఒక్కసారే జవాబు పంపుతుంది, మళ్లీ తెరిస్తే లెక్క మొదటికొస్తుంది. ఆఫీసు పనికి దాన్ని నేను సిఫారసు చేయను.

సెలవులకీ విపత్తులకీ సరైనది ఆటోమేటిక్ రిప్లైస్. ఇది సర్వర్ మీద ఉంటుంది, కరెంటు పోయినా, మీరు కంప్యూటర్ కట్టేసినా నడుస్తుంది, ఫోన్లోని అవుట్‌లుక్ నుంచి కూడా ఆన్ చేయవచ్చు. బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్త వినగానే ఆన్ చేసే అలవాటు మాకు ఇప్పుడు ఉంది.

1. ఫైల్, ఆటోమేటిక్ రిప్లైస్. కొత్త అవుట్‌లుక్‌లో సెట్టింగ్స్, అకౌంట్స్, ఆటోమేటిక్ రిప్లైస్. షేర్డ్ మెయిల్‌బాక్స్‌కి అయితే ముందు చెప్పినట్టు బ్రౌజర్లో తెరిచి పెట్టండి.
2. మొదలు, ముగింపు సమయాలు ఇవ్వండి. ముగింపు ఇవ్వకపోతే సంక్రాంతికి పెట్టింది శివరాత్రికి కూడా నడుస్తుంటుంది.
3. ఆఫీసు లోపలివాళ్లకి ఒక మాట, బయటివాళ్లకి ఇంకో మాట రాయండి. లోపలివాళ్లకి ఎవరి ఎక్స్‌టెన్షన్‌కి చేయాలో చెప్పవచ్చు, బయటికి అది అక్కర్లేదు.
4. బయటివాళ్ల దగ్గర, సొంత అడ్రస్‌కి మై కాంటాక్ట్స్ ఓన్లీ మంచిది, స్పామ్ పంపేవాళ్లకి మీ అడ్రస్ బతికే ఉందని తెలియనక్కర్లేదు. బుకింగ్ అడ్రస్‌కి మాత్రం అందరికీ వెళ్లాలి, కొత్త పార్టీ ఎక్కడి నుంచైనా రావచ్చు.

ఇది ఆన్‌లో ఉన్నంతకాలం ఒక్కొక్కరికి ఒక్కసారే వెళ్తుంది. ఏడాది పొడవునా ఆన్ చేసి ఉంచితే రోజూ వచ్చే పార్టీకి మొదటిరోజు తప్ప ఇంకెప్పుడూ అందదు. అది సెలవుల కోసమే.

మాటలు ఇలా రాసుకున్నాం, ఇదే ఇంగ్లిష్‌లో కూడా కింద ఉంటుంది:

"నమస్కారం. మీ మెయిల్ మాకు చేరింది, కానీ ఇంకా ఎవరూ చదవలేదు. సంక్రాంతి సందర్భంగా జనవరి 14 నుంచి 16 వరకు ఆఫీసుకి సెలవు. జనవరి 17 ఉదయం 10 గంటల నుంచి, భారత సమయం ప్రకారం, వచ్చిన వరసలో జవాబిస్తాం. ఈ రోజుల్లో కట్-ఆఫ్ ఉన్న బుకింగ్ అయితే దయచేసి మా డ్యూటీ నంబర్‌కి ఫోన్ చేయండి."

"ఇంకా ఎవరూ చదవలేదు" అనే మాట పెట్టడానికి మా దగ్గర కొంచెం చర్చ జరిగింది, బాగోదేమో అని. నేను పట్టుబట్టి ఉంచాను. ఆ ఒక్క మాట వల్లే అవసరం ఉన్నవాళ్లు ఫోన్ చేస్తున్నారు. నెల పేరు అక్షరాల్లో రాయడం కూడా ముఖ్యం, 05/01 అని రాస్తే ఒకరికి జనవరి 5, ఇంకొకరికి మే 1.

లెక్కల షీటు

చివరిది పవర్ ఆటోమేట్, మైక్రోసాఫ్ట్ 365లో పనులు దానంతట అవే జరిగేలా చేసే సాధనం. అందులో మనం పెట్టే ఒక్కో పనుల వరసని ఫ్లో అంటారు. ఏ మెయిల్ ఎప్పుడు వచ్చింది, మొదటి జవాబు ఎప్పుడు వెళ్లింది అని ఎక్సెల్‌లో దానంతట అదే రాసుకుంటుంది. పై ఏర్పాటు నెల రోజులు సాఫీగా నడిచాకే దీన్ని పెట్టండి.

వన్‌డ్రైవ్‌లో ఒక ఎక్సెల్ ఫైల్ తెరిచి, కాన్వర్సేషన్ ఐడీ, పంపినవారు, విషయం, వచ్చిన సమయం, మొదటి జవాబు అని ఐదు శీర్షికలు రాసి, కంట్రోల్, టి నొక్కి టేబుల్‌గా మార్చండి. టేబుల్ కాకపోతే ఫ్లో దాన్ని గుర్తించదు.

మొదటి ఫ్లో: షేర్డ్ మెయిల్‌బాక్స్‌లోకి కొత్త మెయిల్ వచ్చినప్పుడు మొదలై, యాడ్ ఎ రో ఇంటూ ఎ టేబుల్‌తో వరస రాస్తుంది. మధ్యలో కన్వర్ట్ టైమ్ జోన్ తప్పక పెట్టండి. పవర్ ఆటోమేట్ సమయాలు యూటీసీలో (మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఇస్తుంది, ఉదయం 10కి వచ్చిన మెయిల్ 4:30కి వచ్చినట్టు పడుతుంది.

రెండో ఫ్లో: అదే మెయిల్‌బాక్స్ సెంట్ ఐటమ్స్ ఫోల్డర్‌ని చూస్తుంది. జవాబుకీ అసలు మెయిల్‌కీ కాన్వర్సేషన్ ఐడీ ఒకటే కాబట్టి, గెట్ ఎ రోతో ఆ వరస వెతికి, "మొదటి జవాబు" గడి ఖాళీగా ఉంటేనే అప్‌డేట్ ఎ రోతో సమయం నింపాలి. ఆ షరతు లేకపోతే ప్రతి కొత్త జవాబు పాత సమయాన్ని చెరిపేస్తుంది. మనం కొత్తగా మొదలుపెట్టిన మెయిల్స్‌కి షీటులో వరస ఉండదు, అలాంటి రన్‌లు ఫెయిల్డ్ అని చూపిస్తాయి, టెన్షన్ పడక్కర్లేదు.

రోజుల్లో లెక్క కావాలంటే మామూలు నెట్‌వర్క్‌డేస్ ఫార్ములా శని, ఆదివారాలు రెండూ తీసేస్తుంది. శనివారం పనిచేసే మన ఆఫీసులకి దాని ఇంటర్నేషనల్ రూపంలో వీకెండ్ కోడ్ 11 ఇవ్వాలి, అప్పుడు ఆదివారం మాత్రమే సెలవుగా పోతుంది.

ఇదే ఫ్లోలో ప్రతి మెయిల్‌కీ వెంటనే ఆటో రిప్లై పంపే స్టెప్ చేర్చవచ్చు. చేర్చేముందు ఒక ప్రమాదం గుర్తుంచుకోండి. అవతలి ఆఫీసులోనూ అలాంటి ఫ్లో ఉంటే, మన ఆటో రిప్లైకి వాళ్లది, వాళ్లదానికి మనది, రాత్రంతా మెయిల్స్ తిరుగుతూనే ఉంటాయి. కనీసం మూడు షరతులు పెట్టండి: పంపినవారు మన డొమైన్ కాకూడదు, అడ్రస్‌లో నో-రిప్లై ఉండకూడదు, విషయంలో ఆటోమేటిక్ రిప్లై అనే మాట ఉండకూడదు. ఆఫీసు వేళల్లో ఈ స్టెప్ నడవకుండా చేస్తే ఇంకా మంచిది. పగలు మనిషి ఉన్నాడు, మనిషే జవాబివ్వాలి.

ఈ షీటుని ఎవరు ఆలస్యం చేశారో పట్టుకోవడానికి వాడకండి. మాకు దాని ఉపయోగం వేరేచోట తేలింది. డెలివరీ ఆర్డర్ మెయిల్స్ ఎప్పుడూ ఆలస్యం అవుతున్నాయి, కారణం చూస్తే అకౌంట్స్ నుంచి పేమెంట్ నిర్ధారణ మధ్యాహ్నం ఒక్కసారే వచ్చేది. దాన్ని ఉదయం కూడా ఒకసారి ఇవ్వమని అడిగాం, ఇస్తున్నారు.

శనివారం సాయంత్రం 5 గంటలకి మేం ముగ్గురం ఒకే స్క్రీన్ ముందు కూర్చుంటాం. కేటగిరీ వ్యూ తెరిచి, పైనున్న పాత ఎర్ర గుర్తు దగ్గర మొదలుపెడతాం. దాని పక్కన పేరు లేకపోతే అక్కడికక్కడే ఒక పేరు వేస్తాం. పేరు ఉంటే ఆ మనిషి ఎక్కడ ఆగారో చెబుతారు. తర్వాత ఫ్లోలు రెండూ ఆ వారం నడిచాయో లేదో రన్ హిస్టరీలో చూస్తాం, పాస్‌వర్డ్ మారిస్తే కనెక్షన్ తెగిపోయి అవి ఆగిపోతుంటాయి. మొత్తం ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత ఆశీల్‌మెట్ట జంక్షన్లో టీ తాగి ఇళ్లకి వెళ్తాం.